మాస్టారు మళ్లీ బడికి రావాలంటే

నవంబరు నెలాఖరున ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటు పదవీ విరమణ చేస్తారు. శాలువా కప్పుతారు, పూలదండ వేస్తారు, పిల్లలతో ఫొటో దిగుతారు. మర్నాటి నుంచి పదో తరగతికి లెక్కల పీరియడు ఉండదు. పక్క మండలం నుంచి ఎవరినైనా సర్దుబాటు చేసేసరికి సంక్రాంతి సెలవులు వచ్చేస్తాయి. అలా వచ్చినవారు మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు సొంత బడిలో పాఠం చెప్పాలి కనుక సిలబస్ రెండుచోట్లా కుంటుపడుతుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. విరమణ చేసిన మాస్టారు మాత్రం అదే ఊళ్లో, బడికి రెండు వీధుల అవతల, ఆరోగ్యంగానే ఉంటారు. వయఃపరిమితి నిండిన నెలాఖరుకే ఉద్యోగం ముగియాలన్న నిబంధనకూ, జూన్ 12న మొదలై ఏప్రిల్‌లో ముగిసే విద్యా సంవత్సరానికీ పొంతన లేనందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా జరిగే తంతు ఇది.

ఇటువంటి ఉపాధ్యాయులను ఆ ఏడాది చివరి పనిదినం దాకా గౌరవ వేతనంపై, వారి పింఛను జోలికి పోకుండా, తిరిగి తీసుకోవాలని మేము కోరుతున్నాము. ఇది ఎక్కడా లేని వింత కాదు. ఏడాది మధ్యలో వయసు నిండిన ఉపాధ్యాయులను ఆ విద్యా సంవత్సరం ముగిసేవరకూ పునర్నియమించే పద్ధతి పొరుగున తమిళనాడులో చాలాకాలంగా ఉంది.

పోస్టులు ఎప్పటికప్పుడు భర్తీ అయ్యేట్లయితే ఈ సూచన అవసరమే ఉండేది కాదు. తెలంగాణలో 2017 నాటి ఉపాధ్యాయ నియామక పరీక్ష (టీఆర్‌టీ) తర్వాత మళ్లీ 11,062 పోస్టులకు పరీక్ష జరిగింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి ఉపాధ్యాయ నియామకాల (డీఎస్సీ) తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి 2025 రావలసివచ్చింది. ఈలోగా తెలంగాణ 2021లో విరమణ వయసును 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచాయి. ఆ పెంపు ఖాళీలను కొన్నాళ్లు వాయిదా వేసిందే తప్ప తీర్చలేదు. తెలంగాణలో మూడేళ్లు ఆగిన విరమణలు 2024 మార్చి నుంచి వరుసగా మొదలయ్యాయి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ చెబుతున్నా, దానిని గుర్తుచేసుకునే అధికారి కనిపించడం అరుదు.

అసలు చిక్కు పింఛను దగ్గర ఉంది. పునర్నియామకం పొందిన పింఛనుదారుకు చివరి జీతంలోంచి పింఛను తీసివేసి మిగిలినదాన్నే వేతనంగా ఖరారు చేయడం, ఆ కాలానికి పింఛనుపై కరువు భృతిని నిలిపివేయడం ప్రభుత్వ సర్వీసుల్లో పాతుకుపోయిన ఆనవాయితీ. అంటే మాస్టారు రోజూ బడికి వెళ్లి ఆరు పీరియడ్లు చెప్పినా, ఇంట్లో కూర్చుంటే వచ్చేదానికన్నా చేతికి అదనంగా అందేది అంతంతమాత్రమే. పింఛను యజమాని దయాదాక్షిణ్యం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని విశ్రాంత ఉద్యోగి నకారా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తేల్చిచెప్పింది. గత సేవకు దక్కినదాన్ని ఇవాళ చేస్తున్న పనికి ఇచ్చే కూలిలోంచి ఎందుకు మినహాయించాలి? కనుక దీనిని సర్వీసు నిబంధనల కింద పునర్నియామకంగా చూడకుండా, పీరియడ్ల లెక్కన చెల్లించే తాత్కాలిక బోధనగా ప్రత్యేక ఉత్తర్వు ఇవ్వాలి. పింఛను, కరువు భృతి, వైద్య సదుపాయం యథాతథంగా కొనసాగుతాయని అందులో స్పష్టంగా రాయాలి. 2004 సెప్టెంబరు తర్వాత చేరి, ఉద్యోగి వాటాతో నడిచే పింఛను పథకం (సీపీఎస్)లో ఉన్నవారికి నెలనెలా వచ్చేదే స్వల్పం కనుక వారికి ఈ గౌరవ వేతనం నిజమైన ఆసరా అవుతుంది.

ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. తెలంగాణలో 2024 మార్చి తర్వాత విరమణ చేసిన ఎందరో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం), జీపీఎఫ్ (జీతంలోంచి దాచుకున్న భవిష్య నిధి) బకాయిల కోసం ధర్నాలు చేశారు, హైకోర్టు మెట్లెక్కారు. దాచుకున్న డబ్బే చేతికివ్వకుండా పాఠం చెప్పడానికి రమ్మంటే ఏ మాస్టారైనా ఎందుకు వస్తారు?

డీఎడ్, బీఎడ్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న యువత దీనిని అనుమానంగా చూస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. ఇంజినీరింగ్ శాఖల్లో, సచివాలయంలో విశ్రాంత అధికారులు ఏళ్లకేళ్లు అదే కుర్చీలో కొనసాగడం వారు చూశారు. అందుకే హద్దులు గట్టిగా ఉండాలి. ప్రాథమిక బడుల్లో పాఠం చెప్పే సెకండరీ గ్రేడ్ పోస్టుల్లో విశ్రాంతులను పెట్టకూడదు. అక్కడ తాత్కాలిక అవకాశమైనా యువతకే దక్కాలి. ఉన్నత పాఠశాలల్లో గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్లం వంటి సబ్జెక్టులకు, అదీ బడి తెరిచాక ఏర్పడిన ఖాళీలకే ఇది పరిమితం కావాలి. ఒక్క మినహాయింపు ఉండవచ్చు. కేంద్రం ఏటా సేకరించే పాఠశాలల గణాంకాల (యూడైస్) 2024-25 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 12,912 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఆ ఒక్క టీచరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా బడికి తాళమే. ఊళ్లో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ నాలుగు రోజులు తాళం తీస్తే ఎవరి ఉద్యోగమూ పోదు.

విశ్రాంతులతో నడుస్తున్న ప్రతి పోస్టునూ ఖాళీగానే లెక్కగట్టి, తర్వాతి డీఎస్సీ ప్రకటనలో చూపాలి. ఆ జాబితాను జిల్లా విద్యాధికారి కార్యాలయం ఏటా జూన్‌లో, రాబోయే పది నెలల్లో విరమణ చేసేవారి పేర్లతో సహా ప్రకటించవచ్చు. ఎవరి పుట్టినతేదీ ఎప్పుడో సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలోనే ఉంటుంది.