చుంచు మెదడుకు తెలిసిన నేల

2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను ఆపించింది. ఆ రోజుల్లో మన ఫోన్లలో తిరిగినవి ఎక్కువగా జింకల వీడియోలు, నెమళ్ల అరుపులు. వాటి కోసం బాధపడటం సరైనదే. కానీ అక్కడి రాళ్ల సందుల్లో, ఎండుటాకుల కింద బతికే చుంచులు, ఎలుకల ఊసు పెద్దగా రాలేదు. జేసీబీ దెబ్బ వాటికే గట్టిగా తగులుతుందని నా నమ్మకం. ఎందుకో వాటి మెదడును చూస్తే అర్థమవుతుంది.

రాత్రిపూట మన ఇళ్లలో గోడ వారగా కీచుమంటూ పోయే చుంచునే తీసుకోండి. హైదరాబాద్‌లో చాలామంది ఛుచుందర్ అంటారు. చూడటానికి ఎలుకలా ఉంటుంది గానీ ఎలుక జాతి కాదు, పురుగుల్ని తిని మనకు మేలు చేసే జీవి. కళ్లు మరీ చిన్నవి, చూపు అంతంతమాత్రం. ఆ లోటును ముక్కు, మీసాలు తీరుస్తాయి. అందుకే దాని మెదడు ముందు వైపు వాసనను గ్రహించే భాగం బాగా పెద్దది. పిల్లలైతే ముందున్నదాని తోక మొదలును కరచుకుని తల్లి వెనక రైలులా సాగుతాయి. ఆ దృశ్యం ఒకసారి చూస్తే మళ్లీ దాని మీద చీపురు ఎత్తాలనిపించదు. పగలు కొమ్మల మీద దూకే ఉడుత లెక్క వేరు, దాని మెదడులో చూపుదే పెద్ద వాటా.

జ్ఞాపకం సంగతీ అంతే. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుకల్లో ఒక రకం గింజలను చోటుకు కొన్ని చొప్పున పాతిపెడుతుంది, మరో రకం బొరియలోనే పోగేస్తుంది. దాచిన చోట్లన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి రకానికే హిప్పోకాంపస్, అంటే చోట్లను గుర్తుంచుకునే మెదడు భాగం, పెద్దదని 1994లో వెలువడిన అధ్యయనంలో తేలింది. యూరప్ చుంచుల పుర్రె చలికాలంలో కుదించుకుపోయి, వసంతంలో మళ్లీ పెరుగుతుందని పోలండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ డేనెల్ 1949లోనే రాశారు. పుర్రెతో పాటు మెదడూ తగ్గుతుంది. తిండి దొరకని నెలల్లో మెదడును పోషించడం అంత భారం మరి.

ఇలా ఉన్న చోటును బట్టి తయారైన జీవిని అక్కడి నుంచి తరిమేసి, వేరే చోట మొక్కలు నాటాం కదా అంటే ఎలా? వరసగా నాటిన మొక్కల కింద, ఊడ్చిన నేలలో పురుగు ఉండదు, దాక్కునే సందు ఉండదు. మనకు చేతకాక కాదు. మూషిక జింకలనే చిన్న జింకలను హైదరాబాద్‌లోని నెహ్రూ జూ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి పెంచితే, నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఆ ఓపికలో కొంతైనా చుంచులకూ దక్కాలి.

ఏ భూమినైనా చదును చేసే ముందు జరిపే సర్వేలో రాత్రి తిరిగే చిన్న జంతువుల లెక్క తప్పనిసరి చేయాలి, అదీ ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి. కాలనీ పార్కుల్లో ఎండుటాకులు తగలబెట్టడం మానడానికైతే ఏ సర్వే అక్కర్లేదు, రేపు పొద్దున్నే మానేయొచ్చు.