గుర్రం చెబితేనే చరిత్ర

పిల్లలకు చరిత్ర చెప్పే పని మనుషుల చేతుల్లోంచి తప్పించి జంతువులకు అప్పగించాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. కృష్ణదేవరాయలు తెలుగువాడా, కన్నడిగుడా, తుళువా అన్నది పెద్దవాళ్లు ఇంకా తేల్చుకోలేదు. కాకతీయులది ఏ కులమన్న తగువు వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారేదాకా సాగుతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు ఎనిమిదేళ్ల పిల్లకి ఓ రాజు కథ రాయబోయేవాడు ముందు లాయర్ని కలవాలి, తర్వాతే కలం పట్టాలి. అదే రాజుగారి గుర్రం కథ రాశాడనుకోండి, ఏ గొడవా లేదు. గుర్రానికి కులం లేదు, ప్రాంతం లేదు. దాని మనోభావాలు దెబ్బతిన్నాయని ఠాణా ముందు బైఠాయించే గుర్రాల సంఘమూ లేదు.

అందుకే కాబోలు, పిల్లల చారిత్రక నవల అనగానే గుర్రమో ఏనుగో నోరు విప్పుతుంది. శుభం. అయితే ఈ ఉద్యోగానికి అర్హతలు కాస్త కఠినంగానే ఉన్నాయి. గుర్రం తెల్లగా ఉండాలి. దాని శాల సరిగ్గా మంత్రాలోచన జరిగే గది కిటికీ కిందే ఉండాలి, లేకపోతే కుట్ర ఎలా వినబడుతుంది? సంస్కృతం, పారశీకం, అవసరమైతే పోర్చుగీసు కూడా అర్థం కావాలి గానీ ఆకలి మాత్రం వేయకూడదు. నూరు పేజీల్లో ఒక్కసారీ దాణా ఊసెత్తకూడదు. చివర్లో యజమానిని క్షేమంగా ఒడ్డు చేర్చి, అప్పుడు చావాలి. ఈ ఆఖరి నిబంధనకు ఒరవడి దిద్దింది చేతక్. 1576లో హల్దీఘాటీ పోరులో గాయపడ్డ కాలితోనే రాణా ప్రతాప్‌ను వాగు దాటించి ప్రాణం విడిచిందని మేవాడ్ వాళ్లు చెప్పుకుంటారు. వాగు దాకా రాకుండానే చచ్చిన మిగతా గుర్రాల సంగతి పిల్లలకు ఎందుకు? క్రమశిక్షణ లేని గుర్రాలు.

ఇంగ్లండులో 1877లో అన్నా స్యూయెల్ ఓ గుర్రం చేత 'బ్లాక్ బ్యూటీ' అని ఆత్మకథ చెప్పించింది. ఆ గుర్రానికి ఈ సంస్కారం లేదు. బండి ఠీవిగా కనబడాలని గొప్పింటివాళ్లు తన మెడ ఎత్తిపెట్టి బిగించిన పట్టీ ఎంత బాధపెడుతుందో ఊరందరికీ చెప్పేసింది. ఆ పట్టీల మీద జనానికి ఏవగింపు పుట్టిందంటే అందులో ఆ పుస్తకం పాత్రా ఉంది. యజమాని మీద ఫిర్యాదు చేసే జంతువును నెత్తిన పెట్టుకుంటే రేపు పిల్లలు హోంవర్క్ మీద కూడా ఆత్మకథలు రాస్తారు.

విజయనగరం మీద పిల్లల పుస్తకం రాయాలనుకునేవారికి మాత్రం నేను గుర్రాన్ని కాదు, గుర్రం తోకను సిఫార్సు చేస్తాను. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి రాసిన వృత్తాంతంలో సాళువ నరసింహుడి ముచ్చట ఒకటుంది. ఆ రాజు హొర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు తెప్పించేవాడట. బతికున్నా చచ్చినా మూడింటికి వెయ్యి పర్దావులు, అంటే నాటి బంగారు నాణేలు. సముద్రం మీద చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం ధరే చేతిలో పెట్టేవాడట. ఇంతకంటే నమ్మకమైన కథకుడు మనకెక్కడ దొరుకుతాడు? చచ్చినవాళ్ల పేరున బిల్లు పెట్టే విద్య ఉపాధి హామీ మస్టర్లతోనే మొదలైందని అపోహపడే పిల్లలకు, ఈ సంప్రదాయం ఎంత ప్రాచీనమో ఆ తోకే చెప్పాలి. ఒకే తోక ఎన్ని ఓడల లెక్కలో కనిపించిందో నూనిజ్ రాయలేదు. తోకకు తెలిసే ఉంటుంది.

తిండి విషయానికొస్తే, 13వ శతాబ్దం చివర్లో పాండ్యుల తీరానికొచ్చిన మార్కో పోలో అక్కడ గుర్రాలకు అన్నం, మాంసం వండి పెడతారని రాసుకున్నాడు. ఆ గుర్రానికి కలమిస్తే యుద్ధం ఒక పేరా, కడుపునొప్పి పది అధ్యాయాలు. పిల్లలు రెండోదే ఇష్టంగా చదువుతారని నా అనుమానం.

ఎంతైనా గుర్రం మనకు దిగుమతి సరుకు. నాటు సరుకు కావాలంటే పల్నాటి పుంజు ఉండనే ఉంది. 12వ శతాబ్దంలో గురజాల వైపు నాయకురాలు నాగమ్మ, మాచర్ల వైపు బ్రహ్మనాయుడు కోళ్లు పందెం వేశారు, బ్రహ్మనాయుడి కోడి ఓడింది, మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోయారు, తిరిగొచ్చి అడిగితే పుట్టి మునిగింది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరులంతా నేలకొరిగారు. అక్కడ ఇప్పటికీ కార్తీకంలో అయిదు రోజులు ఉత్సవం చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. చూశారా, అయిదింటిలో రెండు రోజులు పశువులూ కోళ్ల ఖాతాలోనే ఉన్నాయి. వీరగాథల్లో ఇంత న్యాయమైన వాటా ఇంకెక్కడుంది?

కాబట్టి ఓడిన పుంజు చేతే కథ చెప్పిస్తూ నేనో పుస్తకం రాశాను. నా పుంజుకు శైవమూ వైష్ణవమూ తెలియవు. కాలికి కత్తి కట్టినవాడు దారం మూడు చుట్లు తిప్పి, పంటితో లాగి ముడి బిగించాడని, వాడి మీసం దగ్గర ఉల్లిపాయ వాసన వచ్చిందని తెలుసు. బ్రహ్మనాయుడి చాపకూడు సమానత్వానికి ప్రతీక అని మనం చదువుకున్నాం కదా, పుంజు మాత్రం ఆ చాప మీద ఏ కూర వడ్డించారని అడుగుతుంది. ఇది చారిత్రక దృక్పథం కాదనగలరా?

ప్రచురణకర్త ఎంతో మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి, రాతప్రతి ముందుకు జరిపాడు. మార్జిన్ నిండా పెన్సిల్ గీతలు.

"బాగుందండీ. కాకపోతే పుంజు రంగు ఒక్కటి ఆలోచించండి. పందెం కోళ్ల రకాల్లో డేగ అన్నారు, ఎర్రగా ఉంటుంది, విప్లవ సాహిత్యం అనుకుంటారు."

"నెమలి అని మారుద్దామా?"

"రెక్కల్లో పసుపుంటుందండీ. ఎన్నికలొస్తున్నాయి."

"పోనీ సేతు. తెల్లగా ఉంటుంది."

"ఓడిపోయింది తెల్లదంటే శాంతి ఓడిపోయినట్టు కదండీ." కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "అసలు ఇది గురజాల పుంజా, మాచర్ల పుంజా?"

"మాచర్లది."

"అయితే గురజాలలో అమ్ముడుపోదు. పైగా పందెం. సంక్రాంతికి కోర్టు వద్దంటుంటే మనం పిల్లలకు బరి చూపిస్తే స్కూళ్లవాళ్లు కొనరు. పుంజును తీసేసి గుర్రాన్ని పెట్టేయండి సార్. తెల్ల గుర్రం. కిటికీ కింద కట్టేసి ఉంటుంది, అన్నీ వింటుంది."

కోడిపందెమే లేకపోతే పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందని చెప్పను అని అడిగాను.

"చిన్న అపార్థం వల్ల అని రాయండి" అన్నాడు.