మీ ఇష్టమండీ, మాకేం పట్టింపు లేదు

పెళ్లిచూపులయ్యాక మగపెళ్లివారు కాఫీ కప్పు కింద పెట్టి, సోఫాలో వెనక్కి వాలి, "మాకేం అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటారు. ఆ రాత్రే ఆడపిల్ల తండ్రి బీరువాలోంచి పొలం కాగితాలు తీస్తాడు. ఇంత కావాలని అడిగితే బేరమాడేవాడు. మీ ఇష్టమన్నాక ఇంక బేరానికి చోటేదీ?

'ఆప్షనల్' అనే మాటకు అసలైన అర్థం ఇదే. నిఘంటువుల్లో 'ఐచ్ఛికం' అని ఉంటుంది గానీ, అవి రాసిన పండితులకు అమెరికాలో కాలేజీ ఈడు పిల్లలు లేరు. ఇద్దరు పిల్లల్ని న్యూజెర్సీలో పన్నెండో క్లాసు దాకా లాక్కొచ్చిన అనుభవంతో ఈ పరిశోధన పత్రం సమర్పిస్తున్నాను. మనవైపు మాత్రం తక్కువా? సివిల్స్ మెయిన్స్‌లో 'ఆప్షనల్ సబ్జెక్టు'కి 500 మార్కులు. ఏది రాయాలన్నది మీ ఇష్టం. రాయకపోవడం మీ ఇష్టం కాదు.

అమెరికాలో కాలేజీ సీటు కోసం శాట్ అనే పరీక్ష రాస్తారు. దానికి తోడు ఒక్కో సబ్జెక్టుకి విడిగా శాట్ సబ్జెక్ట్ టెస్టులని ఉండేవి. 1937లో వేరే పేరుతో పుట్టాయి, నడుమ రెండు మూడు పేర్లు మార్చుకున్నాయి. ఒక్కోటి గంట, 200 నుంచి 800 దాకా స్కోరు, తప్పు రాస్తే ఎదురు కోత. చివర్లో మొత్తం ఇరవై పరీక్షలుండేవి. అందులో లాటిన్ ఉంది, ఇంట్లో ఎవరూ మాట్లాడకపోయినా. కొరియన్ ఉంది, జపనీస్ ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్ల పైచిలుకు మంది మాతృభాషగా రాయించుకున్న తెలుగు లేదు. అందుకని మా పెద్దాడు స్పానిష్ రాశాడు.

కాలేజీల్లో నిజాయితీపరులు లేకపోలేదు. ఎంఐటీ, కాల్‌టెక్ మొగమాటం లేకుండా లెక్కల్లో ఒకటి, సైన్సులో ఒకటి తెమ్మనేవి. అది కట్నం. ఒప్పుకున్నాం, ఇచ్చాం, నిద్రపోయాం. నిద్ర పట్టనివ్వనిది జార్జ్‌టౌన్ యూనివర్సిటీ లాంటివాళ్ల భాష. మూడు టెస్టులు 'గట్టిగా సిఫారసు చేస్తున్నాం' అనేవారు. "మా పెద్దబ్బాయి పెళ్లికి వాళ్లు కారు పెట్టారండీ, ఊరికే మాటవరసకి చెబుతున్నా" అని మగపెళ్లివారు అన్నట్టు. ఇంకొందరు 'పంపితే చూస్తాం' అనేవారు. వీళ్లు ఆడపడుచు లాంఛనం బాపతు. దాని గురించి ఎవరూ నోరెత్తరు, పెట్టకపోతే మాత్రం మనవడు పుట్టేదాకా గుర్తుంచుకుంటారు.

అప్పట్లో స్కూల్లో కాలేజీ దరఖాస్తులకు సలహా చెప్పే కౌన్సెలర్‌ని అడిగాను. "ఇవి రాయకపోతే ఏమవుతుందండీ?"

"ఏమీ కాదు" అంది.

"రాసి 800 తెచ్చుకుంటే?"

"చాలా మంచిది."

"అయితే రాయించాలా?"

ఆవిడ చిరునవ్వు నవ్వి, "అది పూర్తిగా మీ ఇష్టం" అంది. అప్పుడు నాకు ఆ పెళ్లిచూపుల సోఫా కళ్ల ముందు మెదిలింది.

పరీక్ష శనివారం పొద్దున. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఓ హైస్కూలు పార్కింగ్ లాట్‌లో ఏడింటికే మనవాళ్ల టయోటాలు బారులు తీరాయి. స్టీలు డబ్బాలో ఇడ్లీ, రెండు డజన్ల పెన్సిళ్లు, బొట్టు పెట్టిన కాలిక్యులేటర్. దాన్ని లెక్కల పరీక్షకు తప్ప ఫిజిక్స్‌కి తియ్యనివ్వరు; అయినా బొట్టు పెట్టాక ఇంట్లో వదిలేసి ఎలా వస్తాం? పిల్లలు లోపలికి వెళ్లాక తండ్రులం థర్మాస్ చుట్టూ చేరాం.

"మీవాడు ఎన్ని?"

"మూడు. మరి మీవాడు?"

"రెండేనండీ. ఆప్షనల్ కదా అని..."

అందరూ తలలు దించుకున్నారు. ఒకాయన భుజం మీద చెయ్యి వేశాడు.

మావాడికి మ్యాథ్స్ లెవెల్ టూలో 790 వచ్చింది. తెనాలిలో మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఎడిసన్‌లో మాత్రం పరామర్శకు వచ్చారు. ఎందుకంటే ఆ పరీక్షలో కొన్ని ప్రశ్నలు వదిలేసినా 800 ఇచ్చేవారు. నిండా 800 తెచ్చుకున్నవాడి పర్సెంటైల్ కూడా 80 దగ్గరే ఆగిపోయేది. పోటుగాళ్లే రాసే పరీక్షలో పోటుగాడు కూడా మామూలువాడే.

ఆప్షనల్ అంటే ఆప్షనలే అని నమ్మినవాళ్లూ ఉన్నారు. వందలమంది పిల్లలకు ఒకే కౌన్సెలర్ ఉన్న స్కూలు వాళ్లు. నాన్న రాత్రి గ్యాస్ స్టేషన్లో, అమ్మ పగలు గ్రోసరీలో చేసే ఇళ్ల పిల్లలు. కాలేజీ తన చేత్తో రాసిన మాటను ఉన్నదున్నట్టు చదవడమే వాళ్లు చేసిన తప్పు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో అయితే ఆప్షన్ కూడా కాదు, రెండు టెస్టులు తప్పనిసరి. మంచి మార్కులుండి కూడా, అవి రాయాలని తెలియక అనర్హులైపోతున్నవాళ్లు ఎక్కువయ్యారని 2012లో చేరేవాళ్ల నుంచి ఎత్తేశారు. తర్వాత ఇంకో మెట్టెక్కి, అసలు శాట్ స్కోరే చూడం, పంపినా చూడం అన్నారు. కట్నం ఇచ్చినా పుచ్చుకోని సంబంధమన్నమాట. మా వీధిలో అందరికీ ఒకటే అనుమానం: అబ్బాయిలో ఏదో లోపం ఉండి ఉంటుంది.

2021 జనవరి 19న ఈ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు సబ్జెక్ట్ టెస్టులకు మంగళం పాడింది. ఏపీ పరీక్షలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి, ఇంక వీటితో పనిలేదంది. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్'. అయినా అక్కడి ఇంటర్మీడియెట్‌ను తలపిస్తుంది. గంటలో అయ్యేదానికి బదులు ఏడాదంతా చదువు, మే నెలలో మూడేసి గంటల పరీక్ష. ఇవీ తప్పనిసరేం కాదు. పార్కింగ్ లాట్‌లో ప్రశ్న అక్షరం మారలేదు: "మీవాడు ఎన్ని?" జవాబే మూడు నుంచి పదకొండుకి పెరిగింది.

కరోనా ఏడాది శాట్ కూడా మీ ఇష్టమే అన్నారు. ఆ మూడేళ్లు మా ఇళ్లల్లో ఎవరికీ బీపీ కంట్రోల్లో లేదు. 2022లో ఎంఐటీ మొదట నోరు విప్పి స్కోరు కావాలంది. 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ అదే దారి పట్టాయి. యేల్ మాత్రం శాట్ బదులు ఏపీ స్కోర్లు పంపినా సరే, మీ ఇష్టం అంది. మేం రెండూ పంపాం.

మొన్న రాత్రి మా రెండోది అప్లికేషన్ నింపుతూ ఆఖరి పేజీ దాకా వచ్చింది. "ఇంకేమైనా చెప్పాలనుకుంటే ఇక్కడ రాయండి" అని ఖాళీ పెట్టె.

"నాన్నా, ఇది ఆప్షనల్. వదిలేసి పడుకుంటా" అంది.

నేను లేచి వంటింట్లోకి వెళ్లి, ఇద్దరికీ సరిపడా డికాక్షన్ వేశాను.