వెనకవైపు కూడా చూడండి

స్కాన్ చేశాక పాత ఫొటోలు దాచుకోనక్కర్లేదని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. పెళ్లయిన కొత్తలో అమ్మానాన్నలు స్టూడియోలో దిగిన నలుపు తెలుపు ఫొటో మా ఇంట్లో ఉంది. వెనక తాతయ్య పెన్సిల్‌తో తేదీ వేసి, ‘కాపీలు 3’ అని రాశారు. స్కాన్ చేసిన కుర్రాడు ఆ వైపు చూడనే లేదు! వెండి రేణువులతో ఏర్పడిన ఆ బొమ్మ ఇప్పటికీ చెక్కుచెదరలేదు; 1980ల నాటి మా రంగుల ఫొటోలే నీలం ఛాయ వెలిసిపోయి ఎర్రబడ్డాయి. ఆ నలుపు తెలుపు ఫొటోలో నాన్న కుర్చీలో, అమ్మ పక్కన నిలబడి. ఇద్దరి చూపూ కెమెరా మీదే. అమ్మ చిటికెన వేలు మాత్రం నాన్న చొక్కా అంచును పట్టుకుని ఉంటుంది. అడిగితే ‘ఆ దీపాల వెలుగుకు భయమేసింది’ అంటుంది. నాన్న మాట్లాడరు, నవ్వుతారు.