యాక్సిలరేటర్ వదలడం కూడా నేర్చుకోవాలి, చీటింగ్ అనడం మానాలి

మాతో ఆడే ఒక కుర్రాడు నెలల తరబడి కష్టపడి రేసింగ్ వీడియో గేమ్ ఎఫ్-జీరో జీఎక్స్‌లో మంచి ల్యాప్ టైమ్ తెచ్చుకున్నాడు. సంతోషంగా చూపించగానే ముందు వచ్చిన మాట, "స్నేకింగ్ చేశావు కదా, అది చీటింగ్". ఆ తర్వాత వాడు ఆ ఆట గురించి ఎత్తడమే మానేశాడు. నాకు కడుపు మండిపోయింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

స్నేకింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి: వెడల్పాటి రోడ్డు మీద నేరుగా పోకుండా ఎడమకి, కుడికి వెంటవెంటనే చిన్న చిన్న డ్రిఫ్టులు (పక్కకి జారుతూ తిరగడాలు) కొడుతూ పోవడం. పాము మెలికలు తిరిగినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒక్కో డ్రిఫ్ట్‌కి కాస్త వేగం కలుస్తుంది, అది అరిగిపోకముందే ఇంకోటి కొడితే మెషిన్, అంటే మనం నడిపే బండి, తన మామూలు హద్దు దాటి పోతుంది. దీనికి ఆట కోడ్‌లో ఎవరూ వేలు పెట్టలేదు. అందరి చేతిలో ఉన్న బటన్లే, అందరికీ ఉన్న డ్రిఫ్టే. 2003లో నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ కన్సోల్ కోసం సెగా వాళ్ల అమ్యూజ్‌మెంట్ విజన్ టీమ్ చేసిన ఆట ఇది, ఒకేసారి 30 మెషిన్లు ట్రాక్ మీద ఉన్నా తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతూ పరిగెడుతుంది. అలాంటి ఆటలో మూడు ల్యాపులూ లయ తప్పకుండా స్నేకింగ్ చేసి చూడండి, వేళ్లు ఎలా పట్టేస్తాయో తెలుస్తుంది. సులువుగా గెలిచే దారి అనేవాళ్లు ఒక్కసారైనా చేసి చూశారా అని నా అనుమానం.

అయితే ఒక మాట ఒప్పుకుంటాను. బండి త్వరగా వేగం అందుకోవాలా, గరిష్ఠ వేగం ఎక్కువుండాలా అని ఎంచుకోవడానికి రేసు ముందు వచ్చే స్లైడర్‌ని యాక్సిలరేషన్ వైపు జరిపి స్నేకింగ్ చేసేవాడి టైమ్‌నీ, మాక్స్ స్పీడ్ వైపు పెట్టి ఆడేవాడి టైమ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. అవి రెండు వేర్వేరు ఆటల్లాంటివి. విడిగా రాసుకుంటే సరిపోయేదానికి మనిషిని దొంగ అనాలా?

నా వరకు నాకు మాక్స్ స్పీడే ఇష్టం. అక్కడ అసలు టెక్నిక్ కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. బూస్ట్ కొట్టాక మెషిన్ తన మామూలు వేగాన్ని మించి పోతుంటుంది కదా, అప్పుడు కూడా యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుంటే ఆ అదనపు వేగం తొందరగా కరిగిపోతుంది. బొటనవేలు ఎత్తేసి, కొద్దిగా పక్కకి స్లైడ్ చేస్తూ పోతే నెమ్మదిగా తగ్గుతుంది. దీన్నే ఎమ్‌టీఎస్ అంటారు. నేను మొదటిసారి మ్యూట్ సిటీ ట్విస్ట్ రోడ్‌లో ప్రయత్నించినప్పుడు వేలు ఎత్తడానికి మనసు ఒప్పలేదు, ఎన్నేళ్లుగానో నొక్కి పట్టుకోవడమే అలవాటు మరి. ఎత్తాను. ఇంజిన్ చప్పుడు పడిపోయింది, మీటర్ మీద అంకె మాత్రం ఎప్పటిలా గబగబా జారలేదు. 1000 కిలోమీటర్ల పైన ఇంకా నిలబడే ఉంది. ఎదురుగా మలుపు వచ్చేసరికి చేయి వణికింది. ఆ రోజు రాత్రి అదే ఒక్క చోటు మళ్లీ మళ్లీ ఆడాను.

బూస్ట్ సంగతి ఇంకోటి. మొదటి ల్యాప్‌లో బూస్ట్ ఉండదు, రెండో ల్యాప్ నుంచే వస్తుంది, అది తినేది మనల్ని గోడల నుంచి కాపాడే ఎనర్జీనే. అంటే ప్రతి బూస్ట్‌కీ ప్రాణంలో కొంత ఖర్చు పెడుతున్నట్టే. కనపడ్డ ప్రతిచోటా బూస్ట్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. బిగుతైన మలుపు ముందు కొడితే ఆ వేగమంతా గోడకి గుద్దుకుని పోతుంది, పైగా ఎనర్జీ కూడా పోతుంది. ఎనర్జీ నింపే పట్టీ ఎక్కడుందో ముందు గుర్తుపెట్టుకోండి, దానికి కాస్త ముందు ధారాళంగా వాడండి, చివరి ల్యాప్‌లో గీత దాటేసరికి బార్‌లో ఏమీ మిగలనంతగా లెక్క వేసుకోండి. ఈ లెక్క రాకుండా స్నేకింగ్ వచ్చినా ఎమ్‌టీఎస్ వచ్చినా పెద్దగా లాభం లేదు.

గాల్లోకి లేచినప్పుడు ముక్కు కిందకి వంచితే వేగం పెరుగుతుంది. దిగేలోపు సమంగా చేసుకోవాలి, లేకపోతే దబ్బున పడి ఉన్నది కూడా పోతుంది. ఇంతే, దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు, ఓ వంద దూకుళ్లు దూకితే చేతికి వచ్చేస్తుంది.

వైపౌట్ అనే ఇంకో రేసింగ్ ఆట ఆడినవాళ్లకి ఇలాంటిది తెలిసే ఉంటుంది. ఆ వరుసలో వచ్చిన వైపౌట్ ప్యూర్ నుంచి గాల్లో ఎడమ, కుడి, ఎడమ అని గబగబా తిప్పితే మెషిన్ దొర్లుతుంది, బండిని కాపాడే షీల్డ్ కొంత పోతుంది, దిగగానే వేగం దొరుకుతుంది. దాన్ని ఎవరూ చీటింగ్ అనరు, ఎందుకంటే ఆట వాళ్లే పేరు పెట్టి చెప్పారు. చెప్పకుండా ఆటలోనే దాగి ఉన్నదాన్ని ఎవరో ఓపిగ్గా వెతికి పట్టుకుంటే మాత్రం తప్పైపోయిందా? నాకైతే ఆ వెతకడమే ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ఆట దగ్గర కూర్చోబెడుతోంది.

కాబట్టి టైమ్ చూపించేటప్పుడు మెషిన్ పేరు, స్లైడర్ ఎక్కడ పెట్టారు, స్నేకింగ్ ఉందా లేదా, ఈ మూడూ పక్కనే రాయండి. చూసేవాళ్లు దాన్ని ఏ వరుసలో పెట్టాలో వాళ్లే పెట్టుకుంటారు. ఆ కుర్రాడికి నిన్న నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. స్లైడర్ రెండో వైపు జరిపి అదే ట్రాక్ మొదలుపెడదామన్నాడు.