ఆలస్యమనే సత్సంప్రదాయం

నిజమైన ఐస్ హాకీ ఆటగాళ్లతో కాగితం మీద జట్టు కట్టుకుని, వారి ఆటను బట్టి పాయింట్లు పొందే ఫాంటసీ హాకీలో, ఏ మేనేజర్ జట్టులోనూ లేని ఆటగాణ్ని, అంటే ఫ్రీ ఏజెంట్‌ను, ఎప్పుడు తీసుకోవాలన్న ప్రశ్నకు మేనేజర్ల లోకం ఏనాడో తిరుగులేని సమాధానం చెప్పేసింది: అతడు నిన్న రాత్రి మూడు గోల్స్ కొట్టి ఉండాలి. ఈ నియమాన్ని ఏ లీగ్ నిబంధనల్లోనూ రాయలేదు, లీగ్‌ను నడిపే ఏ కమిషనరూ ప్రకటించలేదు. అయినా సీజన్‌కు ముందు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరి కంటికీ ఆనకుండా మిగిలిపోయిన వందలాది మందిలో ఒకడి పేరు రాత్రికి రాత్రి మారుమోగగానే, అంతవరకు అతడు ఏ జట్టుకు ఆడుతున్నాడో కూడా తెలియని పెద్దమనుషులు తెల్లవారేలోగా అతడి కోసం పోటీ పడతారు. ఈ మధ్య కొందరు ఈ ఆచారాన్ని ప్రశ్నించడం మొదలుపెట్టారు. ఆటగాడు మన జట్టులో చేరకముందు కొట్టిన గోల్స్‌కు మనకు పాయింట్లు రావని వారి వాదన. అది నిజమే కావచ్చు గాని, నిజమైనంత మాత్రాన ఇంతమంది ఇంతకాలంగా నిష్ఠగా పాటిస్తున్న పద్ధతిని వదులుకోవాలా అన్నది తొందరపడి తేల్చవలసిన విషయం కాదు.

సంప్రదాయానికి చరిత్రలో బలమైన ఆధారాలే ఉన్నాయి. 2008 అక్టోబరు 15న డాలస్ స్టార్స్ తరఫున ఫాబియన్ బ్రున్‌స్ట్రోమ్ ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో తన మొట్టమొదటి మ్యాచ్‌లోనే హ్యాట్రిక్, అంటే మూడు గోల్స్, సాధించాడు. ఆచారం తెలిసిన మేనేజర్‌కు ఇంతకన్నా స్పష్టమైన సంకేతం అక్కరలేదు. ఆ సీజన్ ముగిసేసరికి అతడి ఖాతాలో మొత్తం 17 గోల్స్ ఉన్నాయి, అంటే మర్నాడు అతణ్ని ఎగరేసుకుపోయినవారికి మిగిలిన నెలలన్నిటికీ కలిపి దక్కినవి 14. 2012 ఫిబ్రవరి 2న ఎడ్మంటన్ ఆటగాడు సామ్ గాగ్నర్ షికాగో మీద ఒక్క రాత్రిలో నాలుగు గోల్స్, నాలుగు అసిస్ట్‌లు (తోటివారి గోల్స్‌కు అందించిన పాసులు), వెరసి ఎనిమిది పాయింట్లు సంపాదించాడు. ఆ ఏడాది మొత్తానికి అతడు తెచ్చుకున్నవి 47. ఆ రాత్రి అతడు ఎవరికీ చెందని లీగ్‌లలో, ఏడాది సంపాదనలో ఆరో వంతు గాలిలో కలిసిపోయాక, మిగిలిన భాగం కోసం జరిగిన తొక్కిసలాటను ఊహించుకోవచ్చు. సంప్రదాయం మనకు లాభం తెచ్చిపెడుతుందని ఎవరూ ఏనాడూ అనలేదు. అందరూ ఒకేసారి ఒకే పని చేసేటట్టు చూస్తుంది, అంతే. లీగ్‌లో సామరస్యానికి అది చాలదా?

ఇక ప్రశ్నించేవారి సంగతి. వీరు గోల్స్ చూడరు, ఆటగాడు మంచు మీద ఎన్ని నిమిషాలు ఉన్నాడో చూస్తారు. ఉదయం ప్రాక్టీసులో ఎవరి పక్కన ఎవరు స్కేటింగ్ చేశారో విలేకరులు పెట్టే నాలుగు పేర్ల చిన్న వార్తను రహస్య దస్తావేజులా చదువుతారు. ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీతో బయట కూర్చున్నప్పుడు దక్కే పవర్ ప్లేలో మొదటి యూనిట్‌లోని ఐదో మనిషి మారాడని తెలిస్తే వారికి ఆ రోజు భోజనం సయించదు.

వారి పద్ధతి ఎంత అసహజమైనదో ఒక ఉదాహరణతో చూపించవచ్చు. ఒక వింగర్ (పక్కల్లో ఆడే ఫార్వర్డ్) గత ఐదు మ్యాచ్‌లలో ఎనిమిది షాట్లు కొట్టి నాలుగు గోల్స్ చేశాడనుకుందాం. ముగ్గురేసి ఫార్వర్డ్‌లు వంతులవారీగా దిగే లైన్లలో మూడోదానిలో రాత్రికి పన్నెండు నిమిషాలు ఆడతాడు, పవర్ ప్లేలో బెంచి మీదే కూర్చుంటాడు. మరొక వింగర్ అదే ఐదు మ్యాచ్‌లలో ఇరవై రెండు షాట్లు కొట్టాడు, గోల్ పడింది ఒక్కటి. అయితే జట్టులోకెల్లా మేటి సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) పక్కన రాత్రికి పంతొమ్మిది నిమిషాలు ఆడుతున్నాడు, పవర్ ప్లేలో రెండు నిమిషాలుంటే అందులో మొదటి నిమిషం పైచిలుకు అతడిదే. మనసున్న మనిషి ఎవరైనా మొదటివాణ్నే తీసుకుంటాడు, ఎందుకంటే పేరు పక్కన నాలుగు అన్న అంకె నిండుగా కనిపిస్తుంది. ప్రశ్నించేవారు మాత్రం రెండోవాడి కోసం పాకులాడతారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో సుమారు పది షాట్లకు ఒకటి గోల్ అవుతుందని, కెరీర్ పొడవునా నూటికి ఇరవై నాలుగు దాకా నిలబెట్టుకున్న క్రెయిగ్ సింప్సన్ వంటివారు బహు అరుదని, ఎనిమిదింట నాలుగు కొట్టినవాడు ఆయనకు రెట్టింపు ఘనుడైతే తప్ప ఆ వేగం నిలవదని వారు లెక్క చెబుతారు. రెండోవాడి చేతి నుంచి వెళ్లిన పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల) మూడుసార్లు గోల్ స్తంభానికి తగిలిందని, అలా తగిలినవి అధికారిక షాట్ల లెక్కలోకి కూడా రావని గుర్తుచేస్తారు. స్తంభానికి తగిలిన పక్ గురించి ఇంత ఆర్ద్రంగా మాట్లాడగలవారితో వాదన పెట్టుకోవడం కష్టం.

వారికి ఇష్టమైన కథ 2005 నవంబరు 30 నాటిది. ఆ రోజు బాస్టన్ జట్టు పాసులకు పేరుమోసిన సెంటర్ జో థార్న్‌టన్‌ను శాన్ హోసేకు ఇచ్చేసింది. అక్కడ అతడి పక్కన ఆడే అదృష్టం జొనాథన్ చీచూకు పట్టింది, సీజన్ చివరకు చీచూ 56 గోల్స్‌తో లీగ్ మొత్తానికి మొదటివాడై నిలిచాడు. చీచూ ఏ ఫాంటసీ లీగ్‌లోనైనా ఖాళీగా ఉండి ఉంటే అతణ్ని తీసుకోవలసిన ఘడియ ట్రేడ్ వార్త వచ్చిన ఆ సాయంత్రమేనని, అప్పటికి అతడు కొత్త లైన్‌లో ఒక్క షాట్ కూడా కొట్టకపోయినా పరవాలేదని వీరి సిద్ధాంతం. అంటే ఇంకా జరగని దాని మీద నమ్మకం పెట్టుకోవాలన్న మాట. జరిగిపోయిన దాని మీద నమ్మకం పెట్టుకోవడంలో ఉన్న నిశ్చింత ఇందులో ఎక్కడిది?

పైగా సంప్రదాయాన్ని పాటించినవారిలో మనలాంటి కాగితపు మేనేజర్లే కాదు, అసలు డబ్బులు పెట్టిన నిజమైన క్లబ్బులూ ఉన్నాయి. 1984-85లో పిట్స్‌బర్గ్‌లో వారెన్ యంగ్ అనే ఆటగాడు 40 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లోనే లీగ్‌లో అడుగుపెట్టిన మారియో లెమ్యూ అనే కుర్రవాడు అతడికి పాసులు అందించేవాడు. డెట్రాయిట్ జట్టు ఆ 40ని చూసి యంగ్‌ను ఫ్రీ ఏజెంట్‌గా తీసుకుంది. పాసులు మాత్రం పిట్స్‌బర్గ్‌లోనే ఉండిపోయాయి. తర్వాతి సీజన్‌లో యంగ్ చేసిన గోల్స్ 22. నిన్నటి అంకెను చూసి మనిషిని తీసుకోవడం చేతకానితనం అని ఎవరైనా నోరు జారితే, వారికి చూపించడానికి ఇంతకన్నా గౌరవనీయమైన పూర్వ నిదర్శనం దొరకదు.

గాయాల విషయంలో సంప్రదాయానికి ఒక చక్కని మర్యాద ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు ఆటగాడికి ఏమైందో చెప్పవు. శరీరం పైభాగంలో గాయం అనో, కింది భాగంలో గాయం అనో ప్రకటించి, రోజువారీగా పరిశీలిస్తున్నామని ముగిస్తాయి. ఈ ప్రకటనను బట్టి వేలికి దెబ్బ తగిలిందో భుజం ఊడిపోయిందో, అతడు గురువారం తిరిగొస్తాడో వసంతంలో వస్తాడో తేల్చుకోవలసిన భారం మన మీదే పడుతుంది. లీగ్‌లో ఒకరి అగ్రశ్రేణి సెంటర్ ఇలా కుప్పకూలినప్పుడు, మిగిలిన మేనేజర్లు ఆయనకు సంతాప సందేశం పంపడం సభ్యత. ఆ సందేశాన్ని ఒక చేత్తో టైపు చేస్తూ, మరో చేత్తో ఆ సెంటర్ స్థానంలో మొదటి లైన్‌కు ఎక్కబోయే రెండో లైన్ ఆటగాణ్ని ఎగరేసుకుపోయేవారిని నేను ఎరుగుదును. సందేశం చివర కన్నీటి బొమ్మ పెట్టే సమయానికి లావాదేవీ పూర్తయిపోతుంది. సంప్రదాయవాది మాత్రం అంత హృదయం లేనివాడు కాడు. ప్రత్యామ్నాయంగా వచ్చినవాడు పవర్ ప్లేలో మూడు పాయింట్లు సాధించేదాకా సంతాపంలోనే ఉంటాడు.

గోలీల, అంటే గోల్‌కీపర్ల, దగ్గరకు వచ్చేసరికి ఇరుపక్షాల ధైర్యమూ సడలుతుంది. 2019 జనవరి 3 ఉదయానికి సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు లీగ్ మొత్తానికి అట్టడుగున ఉంది. నాలుగు రోజుల తర్వాత జోర్డాన్ బిన్నింగ్టన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలిసారి మ్యాచ్ ఆరంభం నుంచి గోల్‌లో నిలబడి ఫిలడెల్ఫియాకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇటువంటి వేళ అనుభవజ్ఞుడైన మేనేజర్ ఆలోచన ఎలా సాగుతుందో గమనించండి. మొదటి మ్యాచ్ తర్వాత, ఒక్క మ్యాచ్‌తో ఏం తెలుస్తుంది అంటాడు. ఐదో మ్యాచ్ తర్వాత, అట్టడుగు జట్టు గోలీ ఎన్నాళ్లు నిలుస్తాడు అంటాడు. పదో మ్యాచ్ తర్వాత తీసుకుందామని చూస్తే అతడు అప్పటికే మరొకరి సొత్తు, అంతలో తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానని తోటి మేనేజర్లకు వివరిస్తాడు. ఆ సీజన్‌లో బిన్నింగ్టన్ 24 గెలిచి, నిర్ణీత సమయంలో 5, అదనపు సమయంలో ఒకటి ఓడాడు, జూన్‌లో బ్లూస్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. 2015లో ఒట్టావా గోలీ ఆండ్రూ హామండ్ కూడా ఇలాగే ఎక్కడినుంచో ఊడిపడి, సీజన్ చివరి రెండు నెలల్లో 20 గెలిచి, నిర్ణీత సమయంలో ఒక్కటి, అదనపు సమయంలో రెండు మాత్రమే ఓడాడు. ‘హాంబర్గ్లర్’ అన్న అతడి ముద్దుపేరుకు తగ్గట్టు అభిమానులు ఆనందం పట్టలేక మంచు మీదకు హాంబర్గర్లు విసిరారు. గోలీ మంచివాడో కాదో చూసి తీసుకోవాలంటే సీజన్ సరిపోదు, చూడకుండా తీసుకోవాలంటే గుండె సరిపోదు.

ఆలస్యానికి ఎవరినీ తప్పుపట్టలేని సందర్భం నాకు తెలిసి ఒకటే. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా గోలీలు ఇద్దరూ ఒకే మ్యాచ్‌లో గాయపడితే, అత్యవసర గోలీగా అందుబాటులో ఉన్న 42 ఏళ్ల డేవిడ్ ఏర్స్ బరిలోకి దిగాడు. మంచును చదును చేసే జాంబోనీని కూడా నడిపిన మనిషి అతడు. పది షాట్లలో ఎనిమిది ఆపాడు, కరోలినా 6-3తో గెలిచింది, విజయం అతడి పేరునే నమోదైంది. అతణ్ని ముందురోజు తీసుకుని ఉండవలసిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ప్రశ్నించేవారి నుంచి ఆ మాట కూడా త్వరలోనే వస్తుందని నా అనుమానం.

మ్యాచ్‌ల పట్టిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మంగళ, గురు, శనివారాలు కిక్కిరిసి ఉంటాయి, మిగిలిన రోజులు పలచగా ఉంటాయి. కొత్తగా తెచ్చుకున్నవాడు ఆ మూడు రోజుల్లోనే ఆడితే, అప్పటికే నిండిపోయిన జట్టులో చోటు లేక మన బెంచి మీద కూర్చుని రెండు గోల్స్ కొడతాడు. బెంచి మీది గోల్స్‌కు విలువ లేకపోయినా, ఎంపికలో మన చూపు ఎంత పదునైనదో నిరూపించడానికి అవి బాగా పనికొస్తాయి.

ఒకణ్ని తీసుకోవాలంటే మరొకణ్ని వదలాలి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మూడో రౌండ్‌లో, పదిమంది చూస్తుండగా, గొంతు సవరించుకుని పేరు చదివి తీసుకున్న ఆటగాడు డిసెంబరు నాటికి నాలుగు గోల్స్ దగ్గరే ఆగిపోయి రెండో పవర్ ప్లే యూనిట్‌కు జారినా అతణ్ని వదలలేం, ఎందుకంటే వదిలితే తప్పిపోయింది ఆటగాడి గురి కాదు, మన గురి అని తేలిపోతుంది. కాబట్టి వేటు ఎప్పుడూ జట్టులోని చివరి మనిషి మీదనే పడుతుంది, అతడు ఎంత బాగా ఆడుతున్నా సరే, డ్రాఫ్ట్‌లో అతణ్ని ఎంచుకున్నది మనం పద్నాలుగో రౌండ్‌లో కాబట్టి. పాత అంకెల మీద ఈ విశ్వాసం ఎంత దూరం తీసుకెళుతుందో చూడాలంటే బఫెలో ఆటగాడు టేజ్ థాంప్సన్‌ను గుర్తుచేసుకోవచ్చు. 2020-21లో అతడు చేసిన గోల్స్ 8. తర్వాతి సీజన్‌లో కోచ్ అతణ్ని వింగ్ నుంచి సెంటర్‌కు మార్చాడు, గోల్స్ 38 అయ్యాయి. శరత్కాలంలో పాత అంకెను చూసినవారికి 8 కనిపించింది. స్థానం మారిన సంగతి అంకెల పట్టికలో ఎక్కడా ఉండదు.

చివరగా వేవర్ క్రమం. ఎవరైనా వదిలేసిన ఆటగాడు రెండు రోజుల పాటు వేవర్‌లో, అంటే ఎవరూ నేరుగా తీసుకోలేని నిరీక్షణలో, ఉంటే, వరుసలో ముందున్నవారికే అతడు దక్కుతాడు, దక్కించుకున్నవారు వరుస చివరకు వెళతారు. అక్టోబరులో మొదటి స్థానం పొందిన సంప్రదాయవాది దాన్ని అల్పులకోసం ఖర్చు చేయడు. నవంబరులో గాయపడ్డ తారకు బదులుగా వచ్చినవాడు అతడికి ఆనడు. జనవరిలో కొత్త గోలీ తొందరపాటనిపిస్తాడు. మార్చిలో ట్రేడ్ గడువు నాడు మొదటి లైన్‌కు మారినవాడి విషయంలో ఇంకొక వారం చూద్దామంటాడు. ప్లేఆఫ్‌లకు రెండు పాయింట్లు తక్కువై ఏడో స్థానంలో సీజన్ ముగించే రోజున కూడా వేవర్ పట్టికలో అతడి పేరు అందరికన్నా పైనే ఉంటుంది, ఆ స్థానం తర్వాతి సీజన్‌కు చెల్లుతుందా అని కమిషనర్‌ను అడుగుతాడు. చెల్లదు.