తడిగోడ శాంప్లర్ దొరవారికి ఒక విన్నపం

గాలిని పీల్చి, అందులో ఉన్నవాటిని పరీక్షకోసం నీళ్ళలోకి పట్టి ఇచ్చు యంత్రము, మహారాజశ్రీ తడిగోడ ఎయిర్ శాంప్లర్ దొరవారి దివ్యసముఖమునకు,

మీ పెట్టె మోసే ఫీల్డ్ అసిస్టెంటు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, నా నడుము ఒప్పుకోవడం లేదు. కేటలాగులో మీ పేరు ముందు ‘పోర్టబుల్’ అని ఉంది. నిజమే, మీరొక్కరే అయితే ఒక చేత్తో ఎత్తేయొచ్చు. మీ పరివారం సంగతే రాయడం మరిచారు. అదనపు బ్యాటరీలు, డిస్టిల్డ్ వాటర్ క్యాను, బ్లీచు సీసా, ట్రైపాడ్, స్టెరైల్ ట్యూబుల డబ్బా, శాంపిళ్ళు పెట్టుకునే ఐసు పెట్టె. అందర్నీ ఎక్కించేసరికి ఆటో నిండిపోతుంది, నేను డ్రైవరు పక్కన ఒంటి కాలి మీద కూర్చుంటాను.

మీ ప్రతాపం గురించి నాకు అనుమానమేమీ లేదు. కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. మీరు 300 లీటర్లు పీలుస్తారు. పీల్చినదాన్ని లోపల గిర్రున తిప్పుతారు. ఆ విసురుకి దుమ్ము, పుప్పొడి, బూజు బీజాలు, బ్యాక్టీరియా అన్నీ వెళ్ళి గోడకి కొట్టుకుంటాయి. గోడ మీద పల్చటి నీటిపొర పారుతూ ఉంటుంది కాబట్టి తగిలినవి తగిలినట్టే అందులో కలిసిపోతాయి. గంటకి 18 ఘనపు మీటర్ల గాలి, చివర్లో చేతికొచ్చేది చెంచాడు నీళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో మిమ్మల్ని కూర్చోబెడితే గంటలో చారు తయారు. అర మైక్రాను (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు వాటిలో చాలామటుకు మీకు దొరక్కుండా గాలితోపాటే బయటికి పోతాయనుకోండి. ఒంటరిగా తిరిగే వైరస్సు ఆ కోవదే. అది ఏ తుంపర మీదో, ఏ దుమ్ము కణం మీదో ఎక్కి వస్తేనే మీకు చిక్కుతుంది. అది మీ తప్పు కాదు, నేను దాని గురించి రాయడం లేదు.

నేను రాసేది మీ దాహం గురించి. విశాఖ బీచ్ రోడ్డులో మీరు బుద్ధిమంతులు. గాలిలోనే తేమ ఉంటుంది గనక సీసాలో నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి. అదే మే నెలలో రామగుండం తీసుకెళ్తే, లోపలికొచ్చే ప్రతి ఘనపు మీటరు పొడిగాలీ కొన్నేసి గ్రాముల నీళ్ళు పట్టుకుపోతుంది. పంపు పోస్తూనే ఉండాలి, నేను సీసా నింపుతూనే ఉండాలి. ఒక్క నిమిషం ఆగిందా, గోడ ఎండుతుంది. ఎండిన గోడకి తగిలిన రేణువుల్లో కొన్ని ఎగిరి బయటికి పోతాయి, కొన్ని అక్కడే అట్టకట్టి తర్వాతెప్పుడో ఇంకో ఊరి శాంపిల్లో దిగబడతాయి.

ఆ నీళ్ళు కూడా ఏ నీళ్ళంటే అవి పనికిరావాయె. బోరు నీళ్ళు పోస్తే లోపల తెల్లగా గార కడుతుంది. ఆర్వో క్యాను నీళ్ళు చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ వాటిలో సొంత బ్యాక్టీరియా కాపురం చేస్తుంటుంది, ఊళ్ళో గాలి లెక్క తీయబోయి క్యాను లెక్క తీసుకొస్తాం. నీళ్ళు గోడంతా సమంగా పరుచుకోడానికి సబ్బులాంటి ట్వీన్ అనే ద్రవం రవ్వంత కలుపుతాం, చెయ్యి కాస్త ఎక్కువైతే మీ నోట్లోంచి నురగ. ఇవన్నీ వివరించి స్టెరైల్ నీళ్ళకి ఇండెంటు పెడితే పర్చేజ్ సెక్షన్లో అడిగిన ప్రశ్న ఇదీ: “నీళ్ళు కొనడమేంటయ్యా, మీ ల్యాబులో కుళాయి లేదా?”

మీరు మొదటిసారి మా సంస్థకి వచ్చిన రోజు మాత్రం ఆ సెక్షన్ వాళ్ళంతా అక్కడే ఉన్నారు. రిబ్బను, కొబ్బరికాయ, మీకు పసుపు, కుంకుమ. పెద్దసారు మీ నెత్తిమీద చెయ్యి పెట్టి దిగిన ఫొటో వార్షిక నివేదికలో వచ్చింది. పరీక్షగా చూస్తే ఆ ఫొటోలో మీ పవర్ లైటు వెలగడం లేదు. మీ దగ్గర ఎవరూ తుమ్మకూడదని ఆ రోజు చేసిన ఏర్పాట్లలో పదో వంతు ఇప్పుడుంటే చాలు.

మీ అసలు గుండెకాయ ఏంటో ఆ ఫొటోలో కనిపించదు. వేలెడంత మెత్తటి ట్యూబు. పంపులో రోలర్లు దాన్ని నొక్కుకుంటూ తిరిగితేనే నీళ్ళు ముందుకి కదులుతాయి. కొన్నాళ్ళకి ఆ ట్యూబు నొక్కిన చోటల్లా చప్పబడిపోతుంది. బయటికి తీసి రెండు వేళ్ళతో నలిపితే తెలుస్తుంది, వదిలినా మళ్ళీ గుండ్రంగా లేవదు. పంపు చప్పుడు మామూలే, లైటు మామూలే, గోడ మీదికి చేరే నీళ్ళే తక్కువ. మిషన్‌తో పోలిస్తే దాని ధర చిల్లర డబ్బులు. ఏఎంసీలో, అదే ఏడాది మరమ్మతుల ఒప్పందంలో, అది రాదు. కన్‌స్యూమబుల్ అట, అంటే వాడితే అరిగిపోయే సరుకు.

ఈమధ్య మీకు కోళ్ళ షెడ్ల నుంచే పిలుపులెక్కువ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చాక గాలిలో ఏముందో చూడాలన్న ఆత్రం పెరిగింది, మంచిదే. కానీ బ్రాయిలర్ షెడ్డులో మీ విశ్వరూపం చూసి తీరాలి. కింద పరిచిన వరిపొట్టు, పైన తేలే ఈకల నూగు, అమ్మోనియా ఘాటుకి నా కళ్ళు ధారలు. ఇన్‌లెట్ జాలీ మీద నూగు మెత్తటి పట్టీలాగా పేరుకుంటుంది, గోటితో గీకితే చాపలా చుట్టుకుని ఊడొస్తుంది. దాని వెనక మీ ఫ్యాను ఆయాసపడుతుంటుంది. మీ రొదకి కోళ్ళు బెదిరి ఒక మూలకి పరిగెత్తితే రైతు గుండె జారిపోతుంది. ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయని ఆయన భయం, నిజంగానే చస్తాయి. “అబ్బాయ్, ముందు దాన్ని ఆపు, మీ పరీక్షకంటే మీ మిషనే చంపేట్టుంది” అన్నాడొకాయన. ఆయనకి నేనేం చెప్పను? పైగా ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డుకి పోయేముందు మిమ్మల్ని లోపలా బయటా కడక్కపోతే రోగాన్ని మనమే మోసుకెళ్ళినట్టవుతుంది.

కడగడానికి బ్లీచు ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు. అది లోపల తిప్పి, తర్వాత శుభ్రమైన నీళ్ళతో క్లోరిన్ వాసన పోయేదాకా తిప్పి తిప్పి కడగాలి. ఆ రెండో కడుగుడు సరిగా చెయ్యకపోతే మిగిలిన క్లోరిన్ మీ శాంపిల్లో బ్యాక్టీరియాని చంపుతుంది, డీఎన్ఏని కూడా పాడుచేస్తుంది. ల్యాబు రిపోర్టులో ‘ఏమీ కనబడలేదు’ అని వస్తుంది.

అసలు విషయానికొచ్చాను దొరవారూ. గోడ ఎండిపోతే రిపోర్టులో అంకె తగ్గుతుంది. ట్యూబు చప్పబడితే తగ్గుతుంది. జాలీ మూసుకుపోతే, కాగితం మీద 18 ఘనపు మీటర్లని రాసుకుంటాం, లోపలికి పోయింది అందులో సగమో పావో, కాబట్టి అంకె మళ్ళీ తగ్గుతుంది. శాంపిల్లో మసి ఎక్కువైతే, డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష మొండికేసి సున్నా ఇస్తుంది. ఐసు కరిగిపోయి బ్యాక్టీరియా దారిలో చచ్చినా అంతే. మీ ఒంట్లో ఎంత పాడైతే ఊళ్ళో గాలి అంత బాగుపడుతోంది. మరి మీకు కొత్త ట్యూబు కొనే వెర్రివాళ్ళెవరు?

సున్నా వచ్చిన రోజు మీరు పీల్చే గాలి ఫ్లో ఎప్పుడు కొలిచారు, పాజిటివ్ కంట్రోల్ (తప్పకుండా కనబడాల్సిన తెలిసిన శాంపిల్) పెట్టారా అని అడిగే నాథుడు లేడు. “వెరీ గుడ్” అంటారు, ఫైలు మూస్తారు. ఎప్పుడో ఒకసారి అంకె పెద్దది రావాలి, అప్పుడు చూడాలి సందడి. ఫీల్డ్ బ్లాంక్ (గాలి పీల్చకుండా తీసే ఉత్త శాంపిల్) తీశారా, నీళ్ళు ఎక్కడివి, సీసా ఎవరు కడిగారు, మిషన్‌కి కాలిబ్రేషన్ అయిందా? అన్నీ మంచి ప్రశ్నలే. నేను ఎప్పట్నుంచో నోట్‌షీట్లలో రాస్తున్నవే. పెద్ద అంకె వచ్చిన గంటలోనే మీరు పాడైపోయినట్టు అందరికీ అర్థమైపోతుంది.

అందుచేత నా విన్నపం. ఈసారి షెడ్డుకెళ్ళేముందు అందరూ చూస్తుండగా ఆగిపోండి. లైటు వెలిగించుకుని, చప్పుడు చేసుకుంటూ, లోపల ఎండిపోయిన గోడతో నటించకండి. పూర్తిగా ఆగిపోతే కనీసం రిపేరు అనే మాట ఫైల్లోకి ఎక్కుతుంది.

ఇట్లు,
తమ పెట్టె మోయు విధేయుడు

తా.క.: ఇప్పుడే స్టోర్స్ నుంచి ఫోను. ట్యూబు వచ్చిందట. వెళ్ళి చూస్తే చేపల తొట్టికి గాలి పెట్టేది, గట్టిగా, రోలర్ కింద నలగనంటోంది. “సైజు అదే కదా, అడ్జస్ట్ అవండి” అని సంతకం పెట్టించుకున్నారు.